బోరులో నీళ్లు ఊగవు: సెన్సర్ సిగ్నల్‌కు చిన్న ఫిల్టర్ కట్టే లెక్క

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బోరులో నీటిమట్టం కొలిచే సెన్సర్ దించి, రీడింగులు ఫోనుకు పంపుకునే ఏర్పాట్లు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. వాటిలో తరచూ ఒక వింత ఎదురవుతుంది. మోటరు ఆగి ఉన్నప్పుడు గీత సూటిగా ఉంటుంది. మోటరు ఎక్కగానే నీటిమట్టం ఇరవై సెకన్లకోసారి రెండు మీటర్లు పైకి, రెండు మీటర్లు కిందికి నెమ్మదిగా ఊగుతున్నట్టు గ్రాఫ్ వస్తుంది. కాసేపటికి అదే ఊపు పది సెకన్లకోసారి అవుతుంది, మళ్లీ నెమ్మదిస్తుంది. మోటరు గుంజుడుకు బోరులో నీళ్లు అలలాడుతున్నాయని అనుకోవడం సహజమే. కానీ ఆరున్నర అంగుళాల బోరులో నీళ్లు అట్లా ఊగవు. ఊగేది కరెంటు.

సెన్సర్ వైరు, మోటరు కేబుల్ ఒకే బోరులో, ఒకదానికొకటి ఆనుకుని దిగుతాయి. మోటరు కేబుల్‌లోని 50 హెర్ట్జ్ కరెంటు సెన్సర్ వైరులోకి కొంత ఎక్కుతుంది. సెన్సర్‌ను చదివే కంట్రోలర్ బోర్డు సెకనుకు ఒక్క రీడింగే తీస్తుంది. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 దగ్గర నిలవదు, మామూలు రోజుల్లో 49.90 నుంచి 50.05 మధ్య తిరుగుతూ ఉంటుంది. అది 49.95 దగ్గర ఉన్నప్పుడు సెకనుకోసారి తీసే రీడింగు ప్రతిసారీ ఆ అల మీద కొంచెం వెనక్కి జరిగిన చోట పడుతుంది. ఆ చుక్కలన్నీ కలిపితే 0.05 హెర్ట్జ్ అల, అంటే ఇరవై సెకన్లకోసారి వచ్చే ఊపు కనిపిస్తుంది. గ్రిడ్ 49.90కి దిగితే అదే పది సెకన్ల ఊపు అవుతుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

రీడింగు తీసేశాక ఈ దొంగ అలను నిజమైన నీటి కదలిక నుంచి విడదీసే దారి లేదు. రెండూ ఒకే వేగంతో మారుతుంటాయి. ఫోను యాప్‌లో ఎంత సగటు తీసినా, ఎన్ని లైన్ల కోడు రాసినా ఇరవై సెకన్ల అల పోవాలంటే ఇరవై సెకన్ల నిజమూ దానితో పోవాలి. కాబట్టి ఫిల్టర్ అనేది ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) ముందు, రాగి మీద కట్టాల్సిన వస్తువు. అది పోస్టు స్టాంపు అంత బోర్డు మీద పడుతుంది.

రోగం ఇదేనా అని చూడడానికి ఆసిలోస్కోప్ (అల ఆకారం చూపే పరికరం) అక్కర్లేదు. కోడులో ఒక రీడింగు తీసి, సరిగ్గా 10 మిల్లీసెకన్లు ఆగి ఇంకోటి తీసి, రెండింటి సగటు రాయాలి. 50 హెర్ట్జ్ అలకు 10 మిల్లీసెకన్లంటే సగం చక్రం. మొదటి రీడింగు ఎంత పైకి పోతే రెండోది అంత కిందికి పోయి, రెండూ కొట్టుకుపోతాయి. ఊపు మాయమైతే అది 50 హెర్ట్జే. తగ్గకపోతే 5 మిల్లీసెకన్ల ఎడంతో ప్రయత్నించాలి. అప్పుడు పోతే అది 100 హెర్ట్జ్, అంటే పవర్ సప్లైలో రెక్టిఫయర్ తర్వాతి కెపాసిటర్ చాలడం లేదన్నమాట. రెండింటికీ లొంగకపోతే సోలార్ పంపు డ్రైవ్ (మోటరుకు కరెంటు అందించే పెట్టె) మీదో, సిమ్ ద్వారా రీడింగులు పంపే జీఎస్ఎమ్ మాడ్యూల్ మీదో అనుమానం పెట్టుకోవాలి.

సిగ్నల్ ఎంత, రొద ఎంత

భాగాలు కొనేముందు కాగితం మీద లెక్క చూడాలి. 100 మీటర్ల రేంజి ఉన్న 4-20 మిల్లీఆంపియర్ సెన్సర్, అంటే నీటి లోతును బట్టి అంత కరెంటు పోనిచ్చేది, తీసుకుందాం. మొత్తం లోతుకు 16 మిల్లీఆంపియర్లు, అంటే మీటరుకు 0.16. ఈఎస్‌పీ32 లాంటి 3.3 వోల్ట్ బోర్డుకు 150 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఈ కరెంటును పోనిస్తే 0.6 నుంచి 3.0 వోల్టులు వస్తుంది. మీటరు నీళ్లకు 24 మిల్లీవోల్టులు. 12 బిట్ ఏడీసీ ఒక్క మెట్టు సుమారు 0.8 మిల్లీవోల్టు, అంటే మూడున్నర సెంటీమీటర్లు. రైతుకు ఇది చాలు. ఇప్పుడు ఆ రెసిస్టర్ మీద 50 మిల్లీవోల్టుల 50 హెర్ట్జ్ రొద ఎక్కిందంటే అది అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు. గ్రాఫ్‌లో కనిపించిన ఊపు ఇదే. దీన్ని ఒక మెట్టు కిందికి తేవాలంటే కనీసం అరవయ్యో వంతుకు అణచాలి.

రొద వైరులోకి ఎక్కకుండా చూసుకోవడం ఎప్పుడూ చవక. మెలితిప్పిన జంట వైరు, దానిపై షీల్డు, ఆ షీల్డును కంట్రోలర్ డబ్బా వైపు ఒక్క కొసనే ఎర్త్‌కు కలపడం. రెండు కొసలూ కలిపితే షీల్డు గుండానే కరెంటు పారి రొద పెరుగుతుంది. ఎర్తింగ్ సంగతి మన నేలకు ప్రత్యేకం. దేవరకొండ, అచ్చంపేట వైపు అడుగు తవ్వితే రాయి తగిలే చోట్లు చాలా. పైన పలచటి ఎర్రనేల మే నెలకు ఎండి ఎర్త్ రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది. వానాకాలంలో బాగా పనిచేసిన సెన్సర్ ఎండాకాలంలో పిచ్చి రీడింగులు ఇస్తుంటే ముందు ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు, నీళ్లు చూడాలి, బోర్డు తర్వాత. కరెంటు లేనప్పుడు కొలుచుకుంటే సరిపోతుందనే ఉపాయం కూడా ఇప్పుడు పారదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇస్తుండడంతో ఏ మోటరు ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేం. పక్క పొలం మోటరు రొద కూడా మన వైరుకే చుట్టం.

ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ ఎందుకు చాలదు

ఆర్‌సి (రెసిస్టర్, కెపాసిటర్) ఫిల్టర్ అణచడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీని కట్-ఆఫ్ అంటారు. దాని లెక్క అందరికీ తెలిసిందే: ఒకటిని 6.28తో, ఓమ్‌లతో, ఫారడ్‌లతో గుణించిన దానితో భాగించాలి. 47 కిలోఓమ్, 1 మైక్రోఫారడ్ పెడితే 3.4 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ దాదాపు పదిహేనో వంతుకు తగ్గుతుంది. మనకు కావాల్సిన అరవైకి ఇది దూరం. రెసిస్టర్ పెంచుతూ పోతే ఇంకో చిక్కు వస్తుంది. ఆర్డినో ఊనో కంట్రోలర్ బోర్డులోని చిప్పు పిన్ను లీకేజీ గరిష్ఠంగా 1 మైక్రోఆంపియర్ ఉండవచ్చని తయారీదారు పత్రమే చెబుతుంది. 100 కిలోఓమ్ గుండా అంత లీకైతే 100 మిల్లీవోల్టుల తప్పు, అంటే మన సెన్సర్‌లో నాలుగు మీటర్లు. అన్ని చిప్పులూ అంత లీకు కావు. కానీ ఎండలో డబ్బా కాగిన కొద్దీ లీకేజీ పెరుగుతుంది, నడి మధ్యాహ్నం మాత్రమే వచ్చే తప్పును పట్టుకోవడం మహా కష్టం.

అందుకే ఆప్-ఆంప్ (సిగ్నల్‌కు బలమిచ్చే చిప్పు) పెట్టి రెండో స్థాయి ఫిల్టర్ కట్టడం మేలు. శాలెన్-కీ అనే ఫిల్టర్ అమరికలో రెండు రెసిస్టర్లు సమానంగా, ఆప్-ఆంప్ ఔట్‌పుట్ నుంచి రెండు రెసిస్టర్ల నడిమికి వచ్చే కెపాసిటర్ కింది కెపాసిటర్‌కు రెట్టింపు ఉంటే బటర్‌వర్త్ స్పందన, అంటే కట్-ఆఫ్ దాకా చదునుగా ఉండి ఆపైన పడిపోయేది, వస్తుంది. ఇక్కడ ఒక సులువుంది. ఒకే విలువ కెపాసిటర్లు మూడు కొంటే చాలు. 100 నానోఫారడ్‌లవి రెండు పక్కపక్కన కలిపి 200 చేసి పైన పెట్టి, మూడోదాన్ని ప్లస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు పెట్టాలి. రెసిస్టర్లు రెండూ 220 కిలోఓమ్. కట్-ఆఫ్ 5.1 హెర్ట్జ్ వస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర తగ్గింపు 95వ వంతు. 50 మిల్లీవోల్టుల రొద అర మిల్లీవోల్టు అవుతుంది, ఏడీసీ మెట్టు కన్నా తక్కువ.

కట్-ఆఫ్ 5 ఎందుకు, 1 ఎందుకు కాదు అనే ప్రశ్నకు జవాబు నీళ్ల దగ్గరుంది. మోటరు ఎక్కిన మొదటి నిమిషాల్లో మట్టం వేగంగా పడుతుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. సెకనులో ఐదో వంతు ఆలస్యం దీనికి లెక్కలోకి రాదు. ఇంకా కిందికి దించితే కెపాసిటర్లు పెద్దవవుతాయి, బోర్డు పెరుగుతుంది, దక్కే లాభం కోడులో ఉచితంగా దక్కేదే.

ఆప్-ఆంప్ ఎంపికలో చాలామంది జారేది ఇక్కడే. అంగడిలో ముందు చేతికి వచ్చేది ఎల్ఎమ్358. దాని ఇన్‌పుట్ బయాస్ కరెంటు (ఇన్‌పుట్ కాలి గుండా ఎప్పుడూ పారేది) పదుల నానోఆంపియర్లలో ఉంటుంది. 45 నానోఆంపియర్లు అనుకుంటే, రెండు 220లు కలిసిన 440 కిలోఓమ్‌ల మీద దాదాపు 20 మిల్లీవోల్టులు తప్పు పోతుంది. మీటరుకు కొంచెం తక్కువ. పైగా 3.3 వోల్ట్ సప్లై మీద దాని ఔట్‌పుట్ 2 వోల్టులు దాటి పెద్దగా ఎక్కలేదు కాబట్టి లోతు ఎక్కువున్న బోరుల్లో రీడింగు ఒక చోట గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ఎంసీపీ6002 లాంటి సీమాస్ రకం తీసుకుంటే బయాస్ కరెంటు పికోఆంపియర్ల స్థాయి, ఔట్‌పుట్ సప్లై అంచుల దాకా ఎక్కి దిగగలదు, 1.8 నుంచి 6 వోల్టుల దాకా నడుస్తుంది. ఒక చిప్పులో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి. రెండోది వాడకపోతే దాని కాళ్లు గాల్లో వదలకూడదు. ఔట్‌పుట్‌ను మైనస్‌కు కలిపి, ప్లస్‌ను సప్లైకి సగం వోల్టేజీలో కట్టేయాలి. లేదంటే అది తనంతట తాను ఊగుతూ పక్కదానికి రొద ఎక్కిస్తుంది.

శాలెన్-కీకి ఒక లోపముంది. ఫ్రీక్వెన్సీ బాగా పెరిగితే ఆప్-ఆంప్ ఔట్‌పుట్ గట్టితనం తగ్గుతుంది, రొద పైనున్న 200 నానోఫారడ్ గుండా నేరుగా ఔట్‌పుట్‌కు దాటేస్తుంది. సోలార్ పంపుల డ్రైవ్‌లు కిలోహెర్ట్జ్‌లలో మోటరుకు కరెంటు కొడుతుంటాయి. వాటి రొద ఈ దొంగదారి పట్టకుండా ముందు ఒక 1 కిలోఓమ్, 100 నానోఫారడ్ మెట్టు పెట్టాలి. కట్-ఆఫ్ 1.6 కిలోహెర్ట్జ్. 220 కిలోఓమ్‌ల ముందు 1 కిలోఓమ్ లెక్కకు రాదు, ఫిల్టర్ ఆకారం చెడదు. దాని పక్కనే 100 పికోఫారడ్ సీ0జీ (విలువ మారని సిరామిక్ కెపాసిటర్) ఒకటి పెడితే సెల్ సిగ్నల్ లాంటి రేడియో రొద ఆప్-ఆంప్ లోపలికి పోయి డీసీ తప్పుగా మారకుండా ఆగుతుంది. ఔట్‌పుట్‌కు, ఏడీసీ పిన్నుకు మధ్య 1 కిలోఓమ్, పిన్ను దగ్గర గ్రౌండ్‌కు 100 నానోఫారడ్. ఆ నడిమి రెసిస్టర్ లేకుండా కెపాసిటర్‌ను నేరుగా ఆప్-ఆంప్ ఔట్‌పుట్‌కు తగిలిస్తే ఆప్-ఆంప్ ఊగడం మొదలుపెట్టవచ్చు. రొద తగ్గించబోయి రొద పుట్టించినట్టవుతుంది.

స్పైక్ వేరు, రొద వేరు

స్టార్టర్ కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే స్విచ్చు) వదిలేటప్పుడు వచ్చే స్పైక్‌కు, అంటే క్షణంలో ఎగిసిపడే వోల్టేజీకి, పై ఫిల్టర్ మందు కాదు. సరిగ్గా చెప్పాలంటే హాని కూడా చేస్తుంది. ఒక మిల్లీసెకను పాటు 30 వోల్టుల స్పైక్ ఈ 5 హెర్ట్జ్ ఫిల్టర్‌లోకి పోతే, దాని ఎత్తు తగ్గి వెడల్పు పెరుగుతుంది. సుమారు 400 మిల్లీవోల్టుల బొప్పి సెకనులో పదో వంతు దాకా నిలుస్తుంది. నీటి లెక్కలో 17 మీటర్లు. ఒక్క మిల్లీసెకనులో వచ్చిపోయే దాన్ని కోడు సులువుగా ఏరిపారేయగలదు. వంద మిల్లీసెకన్లు సాగిన బొప్పి నిజమైన రీడింగులాగే కనిపిస్తుంది. బొప్పి కిందివైపు వస్తే, నీళ్లు లేకుండా మోటరు తిరగకుండా చూసే డ్రైరన్ రక్షణ దీన్నే నమ్మి మోటరును ఆపేస్తుంది.

కాబట్టి స్పైక్ తలను ఫిల్టర్‌కు ముందే నరకాలి. మొదటి 1 కిలోఓమ్ తర్వాత బీఏటీ54ఎస్ రకం షాట్కీ డయోడ్ల జంట (హద్దు దాటిన వోల్టేజీని పక్కకు పారించేది), ఒకటి 3.3 వోల్టులకు, ఒకటి గ్రౌండ్‌కు. అప్పుడు అదే స్పైక్ వల్ల వచ్చే బొప్పి సుమారు ఒక మీటరుకు దిగుతుంది. డయోడ్లను 220 కిలోఓమ్‌ల తర్వాత పెట్టడం పెద్ద తప్పు. ఎండకు వాటి లీకేజీ మైక్రోఆంపియర్లకు ఎక్కుతుంది. 1 కిలోఓమ్ మీద అది ఒకటి రెండు మిల్లీవోల్టులు, 220 కిలోఓమ్ మీద వందల మిల్లీవోల్టులు. బయటి నుంచి వచ్చే పొడుగు వైరుకు, ఉరుముల కాలం కోసం, బోర్డు అంచునే పెద్ద వోల్టేజీ దెబ్బలను మింగే టీవీఎస్ డయోడ్ విడిగా ఉండాలి. షాట్కీ జంట పిడుగు దెబ్బకు ఆగేది కాదు.

మిగిలిన మీటరును కోడు చూసుకుంటుంది. మోటరును ఎక్కించేది, దించేది కంట్రోలరే అయితే ఆ తర్వాతి 300 మిల్లీసెకన్ల రీడింగులను పక్కన పడేయడమే సులువు. ఆటో స్టార్టర్ ఉన్న చోట కంట్రోలర్‌కు ముందుగా తెలియదు కాబట్టి, 200 మిల్లీసెకన్ల ఎడంతో ఐదు రీడింగులు తీసి నడిమిదాన్ని ఎంచుకోవాలి. సగటు తీస్తే బొప్పిలో ఐదో వంతు ఫలితంలో మిగులుతుంది, నడిమిది ఎంచుకుంటే ఏమీ మిగలదు. అసలు స్పైక్ పుట్టే చోటనే, కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (స్పైక్‌ను మింగే రెసిస్టర్-కెపాసిటర్ జత) కట్టడం అన్నిటికన్నా మేలు. జాగ్రత్త ఒకటుంది. త్రీఫేజ్ స్టార్టర్ల కాయిల్ చాలాసార్లు 415 వోల్టులది. ఫ్యాన్, టీవీ రిపేరు షాపుల్లో దొరికే 275 వోల్ట్ ఏసీ ఎక్స్2 కెపాసిటర్ దానికి పనికిరాదు, పేలుతుంది. 440 వోల్ట్ ఏసీ రేటింగ్ ఉన్నదే పెట్టాలి, అదీ మెయిన్ దించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే.

ఇరవై రీడింగుల సగటు

అనలాగ్ ఫిల్టర్ కట్టాక కోడులో చేయాల్సిన పని చిన్నది. మిల్లీసెకనుకొకటి చొప్పున 20 రీడింగులు తీసి సగటు చేస్తే, 20 మిల్లీసెకన్లంటే 50 హెర్ట్జ్‌కు ఒక పూర్తి చక్రం కాబట్టి, అదీ, 1000 హెర్ట్జ్ లోపు దాని గుణిజాలూ సున్నా అవుతాయి. గ్రిడ్ 49.9కి దిగినా ఐదువందల వంతుకు తగ్గింపు నిలుస్తుంది. ఊరికే 16 తీసుకుందాం, కంప్యూటర్‌కు సులువు అనుకుంటే ఈ లాభం పోతుంది.

అలాంటప్పుడు అనలాగ్ ఫిల్టర్ ఎందుకు, ఈ సగటే చాలదా? చాలదు. ఈ ఇరవై రీడింగుల సగటుకు 1000 హెర్ట్జ్, దాని గుణిజాలు పట్టుబడవు. డ్రైవ్ 8 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంటే ప్రతి రీడింగూ ఆ అల మీద దాదాపు ఒకే చోట పడి, రొద మొత్తం స్థిరమైన తప్పుగా మారుతుంది. గ్రాఫ్ చక్కగా, సూటిగా ఉంటుంది, మీటరు తేడాతో. ఊగే గ్రాఫ్ కన్నా ఇది ప్రమాదకరం, ఎవరికీ అనుమానం రాదు.

కెపాసిటర్ రకం గురించి ఒక్క మాట. చిన్న సైజు ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ సిరామిక్‌లు తమ మీద డీసీ వోల్టేజీ పెరిగే కొద్దీ విలువ కోల్పోతాయి, తట్టితే చిన్న వోల్టేజీ కూడా పుట్టిస్తాయి. వై5వీ రకమైతే వేడికి విలువ సగానికి పైగా పోతుంది. 45 డిగ్రీల ఎండలో రేకు డబ్బా లోపల దాని కట్-ఆఫ్ ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు. పైన చెప్పిన మూడు 100 నానోఫారడ్‌లు ఫిల్మ్ రకం గానీ సీ0జీ గానీ కావాలి. సప్లై దగ్గర పెట్టే 0.1 మైక్రోఫారడ్‌కు ఎక్స్7ఆర్ చాలు.

ఇదే సర్క్యూట్ అన్నిటికీ కాదు

ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌ను చూస్తే తేడా తెలుస్తుంది. పటికతో, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే స్థిరపడిందంటే ఈ కొలత ఇక్కడ ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు. లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉన్న ఆ ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల దగ్గర ఫ్లోరైడ్ పదింతలైతే 59 మిల్లీవోల్టులు మారుతుంది. తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1.0 మిల్లీగ్రాము కోరదగిన హద్దు, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. ఆ రెండింటి మధ్య తేడా 10.4 మిల్లీవోల్టులే. ఒక్క మిల్లీవోల్టు తప్పితే ఫలితం 4 శాతం తప్పుతుంది.

ఇక్కడ ఆర్‌సిని ఎలక్ట్రోడ్‌కు నేరుగా తగిలించకూడదు. మూలం బలహీనమైనది, కెపాసిటర్ లీకేజీకే వంగిపోతుంది. ముందు పికోఆంపియర్ల బయాస్ ఉన్న ఆప్-ఆంప్ బఫర్, దాని ప్లస్ కాలు చుట్టూ ఔట్‌పుట్‌కు కలిపిన గార్డు రింగు (లీకేజీని అడ్డుకునే రాగి వలయం), ఫ్లక్స్ మరక లేకుండా స్పిరిట్‌తో కడిగిన బోర్డు. ఫిల్టర్ ఆ తర్వాతే. కట్-ఆఫ్ 1 హెర్ట్జ్‌కు దించినా నష్టం లేదు, ఎలక్ట్రోడ్ నిలదొక్కుకోవడానికే నిమిషాలు పడుతుంది. మరీ కిందికి దించితే అంకె కదలకుండా కనిపించి, ఎలక్ట్రోడ్ ఇంకా జారుతుండగానే రాసుకునే ప్రమాదముంది. 40 డిగ్రీల గదిలో ఆ 59 కాస్తా 62 అవుతుంది. దానికి ఫిల్టర్ ఏమీ చేయలేదు, స్టాండర్డ్ ద్రావణాలను కూడా అదే వేడిలో కొలుచుకోవాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తా తూకాల సంగతి ఇంకో రకం. బరువును వోల్టేజీగా మార్చే 100 కిలోల లోడ్‌సెల్ 5 వోల్టుల మీద మొత్తం బరువుకు ఇచ్చేది 10 మిల్లీవోల్టులు. 10 గ్రాములకు ఒక మైక్రోవోల్టు. దాన్ని చదివే హెచ్ఎక్స్711 ఏడీసీ చిప్పును సెకనుకు 10 రీడింగుల మీద నడిపితే 50 హెర్ట్జ్‌ను అదే కొట్టేస్తుంది, అందుకు 400 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. వేగం కోసం 80కి మార్చినవాళ్లు ఆ రక్షణ పోగొట్టుకుని, తర్వాత చిప్పును తిడుతుంటారు. ఇక్కడ అసలు శత్రువు కరెంటు కాదు, నేల. 1440 ఆర్‌పీఎమ్ మోటరు సెకనుకు 24 సార్లు నేలను కదిపితే, సెకనుకు 10 రీడింగుల్లో అది 4 హెర్ట్జ్ ఊపుగా తేలుతుంది. ఐదు రీడింగుల సగటుకు 4 హెర్ట్జ్ దగ్గర సున్నా ఉంటుంది కాబట్టి కాగితం మీద ఇది తీరిపోయినట్టే. కానీ లోడు పడితే మోటరు కొంచెం నెమ్మదిస్తుంది, చిప్పు లోపలి గడియారమూ సరిగ్గా 10 దగ్గర ఉండదు. కాటా కింద రబ్బరు దిండ్లు వేసి, మిల్లు నేల నుంచి దాని దిమ్మెను విడగొట్టడం ఇక్కడ ఏ ఆప్-ఆంప్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

బోర్డు తయారయ్యాక పరీక్ష ఈ వరసలో చేస్తే చిక్కు త్వరగా తెగుతుంది. సెన్సర్ నుంచి వచ్చే రెండు వైర్లనూ బోర్డు దగ్గర విప్పేసి, 9 వోల్ట్ బ్యాటరీని 680 ఓమ్ రెసిస్టర్ గుండా 150 ఓమ్‌లకు కలపాలి. కొత్త బ్యాటరీతో సుమారు 11 మిల్లీఆంపియర్లు పారుతుంది. ఊగని సెన్సర్ అంటే ఇదే. వెయ్యి రీడింగులు సీరియల్ ప్లాటర్‌లో (కంప్యూటర్‌లో రీడింగులను గీతగా చూపేదానిలో) గీయాలి. గీత అప్పుడూ మందంగా ఉంటే తప్పు బోర్డులోనే ఉంది. జీఎస్ఎమ్ మాడ్యూల్ ఆపి చూడాలి, 2జీ మాడ్యూల్ సెకనుకు 217 సార్లు 2 ఆంపియర్ల దాకా గుంజుతుంది, దాని సప్లై దారి, గ్రౌండ్ దారి ఫిల్టర్ గుండా పోకూడదు. గీత సన్నగా ఉంటే సెన్సర్ తిరిగి కలిపి మోటరు ఆపి చూడాలి, తర్వాత ఎక్కించి చూడాలి. అప్పుడే మందమైతే బోర్డు జోలికి పోకుండా, షీల్డు రెండో కొస ఎక్కడైనా కేసింగ్ పైపుకు తాకుతోందేమో చూడాలి.